డౌన్ క్విల్ట్ కొనేముందు టేపు పట్టుకోండి

కొండ మీద రాత్రి పడుకోవడానికి డౌన్ క్విల్ట్, అంటే బాతు నూగు నింపిన తేలికపాటి రజాయి, కొనాలనుకుంటున్నారా? అయితే ఎంత చలికి ఆగుతుందో చెబుతూ దాని మీద రాసిన డిగ్రీల అంకె జోలికి ముందే వెళ్ళకండి. లోపల డౌన్ ఎన్ని గ్రాములుంది, అది ఏ రకం, పరిచి వదిలేస్తే ఎంత ఎత్తు పొంగుతుంది, ఈ మూడూ అడగండి. డిగ్రీల అంకె కంపెనీవాళ్ళు చెప్పే మాట. ఎత్తు మాత్రం మీ ఇంట్లో, మీ టేపుతో, మీరే కొలుచుకోవచ్చు.

బొబ్బిలిలో మాది పరుపుల షాపు. నాన్న కాలం నుంచి దూదితోనే మా బతుకు. చలికాలం వచ్చిందంటే స్నేహితులతో కలిసి సాలూరు ఘాట్ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా దేవ్‌మాలి వెళ్ళి గుడారం వేసుకోవడం నాకు అలవాటు. ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ అది, 1,672 మీటర్లు. మా బావ వాళ్ళది పలాస కాబట్టి అప్పుడప్పుడు మహేంద్రగిరి కూడా వెళ్తుంటాం. అటు కొండలూ ఇటు దూదీ రెండూ తెలిసినవాణ్ణని, ట్రెక్కింగ్ మోజు పడ్డ కుర్రాళ్ళు షాపుకొచ్చి నన్నే అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ క్విల్టులు అమెరికాలో బాగా వాడుకలో ఉన్నాయి. నెలల తరబడి నడిచే ట్రెక్కర్లు, సామానంతా వీపున వేసుకుని అడవి లోపలికి ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్ళేవాళ్ళు వీటిని కొంటారు. వంద గ్రాములు తగ్గినా వాళ్ళకి లాభమే. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి నేను చెప్పేదంతా నడకకీ, గుడారానికీ సంబంధించిందే.

డౌన్ అంటే బాతుల పెద్ద ఈకల చాటున, ముఖ్యంగా రొమ్ము దగ్గర ఉండే నూగు. ఈకకి ఉన్నట్టు దానికి కాడ ఉండదు. మధ్యలో చిన్న బిందువు, దాని చుట్టూ అన్ని వైపులకీ సన్నటి పోగులు ఉంటాయి. అప్పుడే ఏకిన బూరుగు దూదిలా పొంగుతుంది, పోగుల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. వెచ్చదనం ఇచ్చేది కదలకుండా నిలిచిన ఆ గాలే. ఒళ్ళు కింద పడి నలిగిన డౌన్‌లో గాలి మిగలదు, కాబట్టి అది పనికి రాదు. స్లీపింగ్ బ్యాగులో వీపు కింద ఉండే భాగం, జిప్పు, తలకప్పు తీసేసి, పైన కప్పుకునే భాగం మాత్రమే ఉంచితే అదే క్విల్ట్. కాళ్ళ దగ్గర సంచిలా మూసి ఉంటుంది, నడుము దగ్గర రెండు పట్టీలు, కింద పరుచుకునే మ్యాట్ చుట్టూ కట్టుకోవడానికి ఉంటాయి. దాదాపు అదే వెచ్చదనానికి బరువు బాగా తగ్గుతుంది.

ఇక డౌన్ రకం. పెట్టె మీద 650, 750, 850, 900 అని రాసి ఉంటుంది. దాన్ని ఫిల్ పవర్ అంటారు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల డౌన్ ఎన్ని ఘనపుటంగుళాల జాగా నింపుతుందో చెప్పే అంకె అది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 900 చూడగానే అదే వెచ్చగా ఉంటుందనుకుంటారు. ఫిల్ పవర్ చెప్పేది నాణ్యత, లోపల ఎంత నింపారన్నది వేరే సంగతి. రెండూ గుణించి చూడండి. 850 రకం 200 గ్రాములు నింపిన క్విల్ట్, 650 రకం 400 గ్రాములు నింపిన క్విల్ట్, రెండూ ఒకే కొలతలో ఉంటే రెండోదే వెచ్చగా ఉంటుంది. బరువెక్కువ, అంతే. 850 రకం 300 గ్రాములు ఇచ్చే పొంగు 650 రకంలో కావాలంటే సుమారు 390 గ్రాములు పడుతుంది. ఆ 90 గ్రాములు మోయలేని బరువేమీ కాదు. ధరలో తేడా ఎక్కువైతే నేను 700 దగ్గర ఆగిపొమ్మనే చెబుతాను.

డౌన్ ఎన్ని గ్రాములో చెప్పని క్విల్ట్ కొనకండి. మొత్తం బరువు మాత్రమే రాసి, లోపలి బరువు దాచేవాళ్ళున్నారు. మంచి కంపెనీలు రెండూ రాస్తాయి. అలాగే 90/10 అని ఉంటే తొంభై పాళ్ళు డౌన్, పది పాళ్ళు చిన్న ఈకలు అని అర్థం. 70/30 అయితే ఈకలు ఎక్కువ. చేతిలోకి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా రుద్దితే కాడలు గుచ్చుకుంటాయి. మా స్నేహితుడొకడు ఆన్‌లైన్‌లో చౌకగా వచ్చిందని తెప్పించుకున్న దాంట్లో ఎక్కడ పట్టుకున్నా కాడలే. పది రోజుల్లో గుడ్డ పొడుచుకుని బయటికొచ్చాయి. బాతుల సంగతి పట్టించుకునేవాళ్ళు ఆర్‌డీఎస్ (రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్) ముద్ర ఉందో లేదో కూడా చూడండి. బతికున్న బాతుల నుంచి పీకిన నూగును ఆ ముద్ర ఒప్పుకోదు.

కుట్టు గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఇది మా పని కాబట్టి ఊరుకోలేను. డౌన్ ఒక మూలకి జారిపోకుండా క్విల్టును గదులుగా విడగొడతారు. చౌక రకంలో పై గుడ్డనీ కింది గుడ్డనీ కలిపి నేరుగా కుట్టేస్తారు. కుట్టు పడిన గీత వెంట రెండు గుడ్డలే ఉంటాయి, మధ్యలో డౌన్ ఉండదు. తెల్లవారుజామున చలి ఆ గీతల మీదుగానే దిగుతుంది. మంచి రకంలో రెండు గుడ్డల మధ్య సన్నటి వల గుడ్డను గోడలా నిలబెట్టి కుడతారు. గది చివర్లలో కూడా ఎత్తు ఉంటుంది, చల్లటి గీత ఏర్పడదు. రాత్రి పది డిగ్రీలకి తగ్గని చోటికైతే నేరు కుట్టు చాలు. అంతకన్నా చలి ఉంటే గోడ కుట్టే తీసుకోండి. తెలుసుకోవడం తేలిక. కుట్టు గీత దగ్గర పై గుడ్డని ఒక చేత్తో, కింది గుడ్డని ఇంకో చేత్తో పట్టుకుని విడదీయండి. రెండూ ఎడమైతే లోపల గోడ ఉన్నట్టు, అతుక్కునే ఉంటే నేరు కుట్టు.

తర్వాత క్విల్టును ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. డౌన్ ఉన్నచోట నీడగా, లేనిచోట వెలుతురుగా కనిపిస్తుంది. ఛాతీ మీదకి వచ్చే గదుల్లో ఖాళీ కనిపిస్తే మెల్లగా తట్టి సర్దండి. సర్దినా మళ్ళీ ఖాళీ అయిపోతుంటే నింపింది తక్కువని అర్థం. వెంటనే వెనక్కి పంపేయండి.

ఇప్పుడు టేపు. సంచిలోంచి తీసి, బాగా దులిపి, మంచం మీద పరిచి, ఓ రెండు గంటలు ఎవరినీ ముట్టుకోనివ్వకండి. తర్వాత క్విల్టులోని ఒక గది మధ్యలో, నొక్కకుండా, ఒక్క పొర ఎత్తు కొలవండి. ఒకటిన్నర అంగుళం ఉంటే సుమారు నాలుగైదు డిగ్రీల చలి వరకు ఆగుతుంది. రెండు అంగుళాలైతే సున్నా దాకా. రెండున్నర అయితే మైనస్ ఏడు దాకా. చలి ఓర్చుకునేవాళ్ళ లెక్క ఇది. పాదాలు తొందరగా చల్లబడేవాళ్ళు ఐదు డిగ్రీలు అదనంగా వేసుకోండి. స్లీపింగ్ బ్యాగుల్ని అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి, హాయిగా పడుకోగలిగే డిగ్రీ ఒకటి, ఓర్చుకోగలిగే డిగ్రీ ఒకటి విడివిడిగా ఇస్తారు. క్విల్టుల మీద మాత్రం చాలావరకు తయారుచేసినవాళ్ళ అంచనానే ఉంటుంది. టేపు మీద నాకు అంత పట్టుదల అందుకే.

మీకు ఎంత చలికి కావాలో ఇంట్లో కూర్చునే లెక్క వేసుకోవచ్చు. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. డిసెంబరు రాత్రి బొబ్బిలిలో 17 ఉందనుకోండి, దేవ్‌మాలి మీద 7 దాకా దిగుతుంది. గాలి వీస్తే, మబ్బు లేకపోతే ఇంకో మూడు నాలుగు తగ్గిందనుకోవాలి. మహేంద్రగిరి 1,501 మీటర్లు, దానికీ దాదాపు ఇదే లెక్క. అంటే మన చుట్టుపక్కల కొండలకి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల క్విల్ట్ సరిపోతుంది. 850 రకంలో సుమారు 300 గ్రాముల డౌన్, మొత్తం బరువు 550 నుంచి 600 గ్రాములు. ఉత్తరాఖండ్‌లో డిసెంబరు మంచులో కేదార్‌కాంఠకి వెళ్ళేవాళ్ళకి మాత్రం నేను క్విల్ట్ చెప్పను. అంత చలిలో అటూ ఇటూ దొర్లినప్పుడు పక్కల్లోంచి దూరే గాలి నిద్ర పోనివ్వదు. తలకప్పుతో సహా ఉన్న స్లీపింగ్ బ్యాగే అక్కడ మేలు.

క్విల్ట్ కొనేవాళ్ళు మరిచిపోయేది కింద పరుచుకునేది. వీపు కింద డౌన్ లేదు కాబట్టి నేల చలిని ఆపాల్సింది మ్యాట్ ఒక్కటే. దానికి ఆర్ విలువ అని ఒక అంకె ఇస్తారు. ఎంత ఎక్కువైతే అంత మంచిది. యోగా మ్యాటుకి ఆ అంకె ఒకటి కూడా రాదు. మడత పెట్టే మందపాటి ఫోమ్ మ్యాట్ రెండు దగ్గర ఉంటుంది. చలికాలం దేవ్‌మాలికి ఆర్ విలువ మూడు ఉన్న గాలి మ్యాట్ తీసుకోండి. డబ్బు కొంచెమే ఉంటే సగం క్విల్టుకీ సగం మ్యాటుకీ పెట్టండి. మొత్తం క్విల్టు మీదే పోసి చాప మీద పడుకుంటే రాత్రంతా వణుకే. తలకి మంకీ టోపీ. దాన్ని మించింది ఇంతవరకు నాకు కనిపించలేదు.

వెడల్పు కొనేముందే తేల్చుకోండి. సాధారణంగా 50, 54, 58 అంగుళాల్లో వస్తాయి. ఇంట్లో దుప్పటిని 50 అంగుళాలకి మడిచి, చాప మీద పడుకుని, పక్కకి ఒత్తిగిలి మోకాళ్ళు ముడవండి. వీపు బయటికి వస్తే 54 చూడండి. మోకాళ్ళు ముడుచుకుని పడుకునే అలవాటున్నవాళ్ళకి 58 కూడా అనవసరం కాదు. పొడవులో మాత్రం మనకి కలిసొస్తుంది. ఐదున్నర అడుగులున్నవాళ్ళకి చాలా కంపెనీల పొట్టి సైజు సరిపోతుంది, బరువూ డబ్బూ రెండూ తగ్గుతాయి.

తడి గురించి జాగ్రత్త. డౌన్ తడిస్తే ముద్దయిపోతుంది, పొంగు పోతుంది, వెచ్చదనం పోతుంది. నీటికి తట్టుకునే పూత వేసిన డౌన్ కూడా కొంతసేపే కాపాడుతుంది. మన వైపు అక్టోబరు, నవంబరులు తుఫాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో నడకకి వెళ్ళేవాళ్ళు సింథటిక్ క్విల్ట్ తీసుకోండి. కాస్త బరువే, కానీ తడిసినా కొంత వెచ్చగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు డౌన్‌కి ఢోకా లేదు. పొగమంచు మాత్రం విపరీతంగా కురుస్తుంది. గుడారం గోడకి లోపలి వైపు నీటి బొట్లు పడతాయి. కాళ్ళ దగ్గర క్విల్ట్ ఆ గోడకి తగలకుండా పడుకోండి. గుడారానికి రెండు వైపులా కిటికీలు కాస్త తెరిచి పెట్టండి, చలేసినా సరే. పొద్దున్న ఎండ రాగానే ఏదైనా బండ మీద అరగంట పరిచి, ఆ తర్వాతే మడవండి.

పై గుడ్డ 10డి, 15డి, 20డి అని ఉంటుంది. డి అంటే డెనియర్, దారం ఎంత లావో చెప్పే అంకె. అంకె తగ్గితే తేలిక, పెరిగితే గట్టి. నూగు బయటికి రాకుండా నేత బిగువుగా ఉండాలి. 1922లో ఎవరెస్టు యాత్రకి వెళ్ళిన జార్జ్ ఫించ్, మిగతావాళ్ళు ఉన్ని కోట్లతో ఉంటే, తాను మాత్రం బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు డౌన్ నింపిన కోటు వేసుకున్నాడు. బెలూన్‌లోంచి గాలి పోనివ్వని నేతలోంచి నూగు కూడా పోదు కదా. ఆ ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. మనవాళ్ళు చలిమంట వేయకుండా ఉండరు కాబట్టి 20డి తీసుకోండి. ఈ గుడ్డలు ఎక్కువగా నైలానే, నిప్పురవ్వ పడితే చిల్లే. క్విల్ట్ కప్పుకుని మంట దగ్గర కూర్చోకండి. చిల్లు పడితే సూది పట్టకండి. కుట్టిన ప్రతి రంధ్రంలోంచీ నూగు వస్తుంది. నైలాన్ రిపేర్ టేపు అంటించండి.

మా బావ మొదటిసారి నా క్విల్ట్ చూసి, "ఏటి బావా, చేత్తో ఎత్తితే బరువే లేదు, దీనికింత డబ్బా?" అన్నాడు. "చెయ్యి లోపల పెట్టి ఓ రెండు నిమిషాలుంచు" అన్నాను. పెట్టాడు. నిమిషం కూడా కాకముందే రెండో చెయ్యి కూడా పెట్టాడు.

ఇంటికి తెచ్చాక చిన్న సంచిలో కుక్కి ఉంచకండి. నెలల తరబడి నలిగితే పొంగు తగ్గిపోతుంది. పాత నూలు చీరతో పెద్ద సంచి కుట్టించి, వదులుగా పెట్టి, అటక మీద కాకుండా గాలి తగిలే చోట వేలాడదీయండి. వానాకాలంలో వారానికోసారి బయటికి తీసి దులపండి. కలరా ఉండలు వేయకండి, ఆ వాసన పోవడం చాలా కష్టం.

ఉతకడం ఏడాదికోసారి చాలు, అదీ ఏప్రిల్, మే నెలల్లోనే. బట్టల సబ్బు, డిటర్జెంట్ వాడితే నూగులో సహజంగా ఉండే నూనె పోతుంది. డౌన్ కోసం వేరే లిక్విడ్ సబ్బు దొరుకుతుంది, అదే వాడండి. పెద్ద టబ్బులో గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి చేత్తో మెల్లగా నొక్కండి, పిండకండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. తీసేటప్పుడు ఒక చివర పట్టుకుని ఎత్తితే లోపలి గోడలు చిరుగుతాయి, కాబట్టి రెండు చేతులతో కింద నుంచి ముద్దగా ఎత్తండి. నవారు మంచం మీద నీడలో పరిచి, గంటకోసారి గడ్డల్ని వేళ్ళతో విడదీస్తూ ఉండండి. పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. పైకి పొడిగా కనిపించినా నమ్మకండి, ఒక్కో గది నొక్కి చూడండి. వేలికి గడ్డ తగిలితే ఇంకో పూట ఆరనివ్వండి.