ఫైళ్ల పనికి తగిన తెర – 3వ పాఠం: సెకన్ల లెక్క

గత పాఠంలో ఫైళ్ల జాబితాను ఎలా అమర్చాలో చూశాం. ఈసారి ఆ జాబితా మీద చేసే పనికి ఎంత సమయం పడుతుందో, ప్రోగ్రాం రాయకముందే కాగితం మీద లెక్కగట్టడం నేర్చుకుందాం. 1980లో కార్డ్, మోరన్, న్యూయెల్ అనే పరిశోధకులు ప్రకటించిన పద్ధతి ఇందుకు ఇప్పటికీ పనికొస్తుంది. టైపింగ్ బాగా వచ్చినవారికి ఒక మీట నొక్కడానికి సుమారు 0.2 సెకను, మౌస్‌తో గురి చూడడానికి 1.1, కీబోర్డు మీది నుంచి మౌస్ మీదికి చెయ్యి మార్చడానికి 0.4, తరువాతి అడుగేమిటో మనసులో తేల్చుకోవడానికి 1.35 సెకన్లు పడతాయని వారి లెక్క.

ఫైలును తొలగించే పనినే తీసుకుందాం. డిలీట్ మీట నొక్కగానే "నిజంగా తొలగించాలా?" అనే పెట్టె వస్తే, వాడేవారు ఆలోచించుకుని, చేతిని మౌస్ మీదికి తెచ్చి, "అవును" దాకా బాణాన్ని జరిపి, నొక్కాలి. 1.35, 0.4, 1.1, 0.2 కలిపితే 3.05 సెకన్లు; ఇరవై ఫైళ్లను విడివిడిగా తొలగిస్తే ఒక నిమిషం ఆ ప్రశ్నకే పోతుంది. పోనీ, భద్రత కోసమే కదా అనుకుందామంటే, అలవాటు పడ్డాక ఆ ప్రశ్నను ఎవరూ చదవరు, వేలు దానంతటదే ఎంటర్ నొక్కేస్తుంది. కాబట్టి అడగకుండానే ఫైలును చెత్తబుట్టలోకి పంపి, అది ఏ ఫోల్డరు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని, కంట్రోల్-జెడ్ నొక్కితే తిరిగి అక్కడికే చేర్చడం మేలు. నెట్‌వర్క్ డ్రైవులో లాగా చెత్తబుట్ట అండ లేని చోట మాత్రం అడిగి తీరాలి. అప్పుడు కూడా బటన్ మీద "అవును" అని కాక "శాశ్వతంగా తొలగించు" అని రాయాలి.

ఫైలును మరో ఫోల్డరుకు తరలించేటప్పుడు ఆలస్యమంతా గమ్యాన్ని వెతకడంలోనే ఉంటుంది. 1986లో వచ్చిన నార్టన్ కమాండర్ అనే ఫైళ్ల నిర్వహణ ప్రోగ్రాం రెండు ఫోల్డర్లను పక్కపక్కనే చూపి ఈ వెతుకులాటను తగ్గించింది: గమ్యం ఎదుటి పలకలో ముందే తెరిచి ఉంటే ఎఫ్6, ఆపై ఎంటర్ నొక్కితే చాలు. విండోస్‌లో ఫైలును లాగి వదిలితే అదే డ్రైవులోనైతే తరలింపు, వేరే డ్రైవుకైతే కాపీ జరుగుతుంది. ఆ తేడా తెలిసినవారు కూడా లాగేముందు ఒక క్షణం ఆగుతారు, ఆ ఆగడం మన లెక్కలో 1.35 సెకన్లు. లాగుతున్నప్పుడు బాణం పక్కన ఏం జరగబోతోందో చూపడం మంచిదే కానీ, అది లాగడం మొదలయ్యాకే కనిపిస్తుంది.

అభ్యాసం: మీరు రోజూ వాడే ప్రోగ్రాంలో కొత్త ఫైలును నిన్నటి ఫోల్డరులోనే భద్రపరచడానికి పట్టే అడుగులన్నీ వరుసగా రాసి, ఒక్కోదాని పక్కన సమయం వేయండి. తరువాత, పెట్టె తెరుచుకోగానే ఇటీవల వాడిన ఫోల్డర్లు పైన కనబడితే ఏయే అడుగులు పోతాయో కొట్టివేసి, మళ్లీ కూడండి.