రాజ్యాంగ పరిషత్తులో అంబేడ్కర్ ఆఖరి ప్రసంగాన్ని నలుగురూ కూర్చుని చదవడం ఎలా?

విజయవాడ స్వరాజ్ మైదాన్‌లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం దగ్గర రోజూ ఎంతోమంది ఫొటోలు దిగుతున్నారు, పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తున్నారు, సంతోషమే. కానీ స్వేచ్ఛ గురించి, ప్రభుత్వం గురించి, మన నడవడి గురించి ఆయన ఏమన్నారో తెలియాలంటే చదవాల్సింది 1949 నవంబర్ 25న, అంటే రాజ్యాంగాన్ని ఆమోదించడానికి ఒక్కరోజు ముందు, ఆయన చేసిన ప్రసంగం. పోయిన వేసవిలో మా డాబా మీద ఐదుగురం కలిసి చదివాం. మీరూ చదవండి.

ఒక్కరే చదవొద్దు, ఫోన్‌లో అసలు చదవొద్దు. రాజ్యాంగ పరిషత్తు చర్చలు ఇంగ్లీషులో నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, ఈ ఒక్క ప్రసంగం ప్రింట్ తీయించుకోండి. ఒకరు ఒక పేరా పైకి చదవాలి, పక్కనున్నవాళ్లు దాన్ని మన తెలుగులో చెప్పాలి, చెప్పలేకపోతే అర్థం కానట్టే కాబట్టి మళ్లీ మొదటినుంచి.

మొదటి భాగంలో లెక్కలుంటాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు మీలో ఉంటే రాజ్యాంగ రచనకి పట్టింది 2 సంవత్సరాల 11 నెలల 17 రోజులు, వచ్చిన సవరణలు 7,635, సభలో ప్రతిపాదించినవి 2,473 అని బిట్లు రాసుకోవడం మొదలుపెడతారు, దయచేసి ఆపండి. రాజ్యాంగం ఎంత మంచిదైనా దాన్ని నడిపేవాళ్లు చెడ్డవాళ్లైతే అదీ చెడ్డదే అవుతుందని ఆయన చెప్పిన చోటునుంచి నెమ్మదిగా వెళ్లండి, అక్కడినుంచే అసలు విషయం.

తర్వాత ఆయన మూడు హెచ్చరికలు చేస్తారు. మొదటిది విని గొడవ రావచ్చు, రానివ్వండి. శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహం ఇక వదిలేయాలంటారు. మాలో ఒకాయనది పెదనందిపాడు వైపు, 1921-22లో పన్నులు కట్టబోమని బ్రిటిష్‌వాళ్లకి ఎదురు తిరిగిన ఊళ్లు అవి, "మా తాతలు చేసింది తప్పా?" అని ఆయన లేచి నిలబడ్డాడు. అప్పుడు ఆ పేరా మళ్లీ చదివాం. వేరే దారి లేనప్పుడు అవి సబబే, రాజ్యాంగబద్ధమైన దారి తెరిచి ఉన్నాక మాత్రం కాదు అన్నదే అంబేడ్కర్ మాట. దారి నిజంగా తెరిచి ఉందా అన్నది మీరు తేల్చుకోవాలి, మాకైతే రాత్రి పదకొండైంది.

రెండోది వ్యక్తిపూజ. మతంలో భక్తి ఆత్మకి ముక్తినివ్వొచ్చు, రాజకీయాల్లో మాత్రం అది పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అంటారు. ఇక్కడ తలా ఒక కాగితం తీసుకుని, తమకి బాగా ఇష్టమైన నాయకుడు చేసిన ఒక తప్పు రాయాలి, నేను రాయడానికి చాలాసేపు పట్టింది, అది నాకు బాధగానే అనిపించింది. అంబేడ్కర్ని అభిమానించేవాళ్లు ఆయన గురించి కూడా రాయాలి.

మూడోదానికి ఒక సాయంత్రం మొత్తం ఉంచుకోండి. 1950 జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో అందరి ఓటుకీ ఒకే విలువ, సమాజంలో మాత్రం మనుషులకి ఒకే విలువ ఉండదు అంటారు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమంది పెత్తనమవుతుంది, సౌభ్రాతృత్వం లేకపోతే ఆ రెండింటినీ నిలబెట్టడానికి పోలీసు కావాలి, కులాలేమో దేశానికే వ్యతిరేకం. ఈ పేరాలు చదివాక చర్చ పెట్టొద్దు. ఎవరెవరం ఎవరింట్లో ఎప్పుడూ అన్నం తినలేదో ఒకరికొకరు చెప్పుకోండి, ఆ రాత్రి భోజనం ఆ ఇళ్లలో ఒకదాంట్లో పెట్టుకోండి. మేం ఇరవై ఏళ్లుగా తెలిసిన ఒక మిత్రుడింటికి మొదటిసారి భోజనానికి వెళ్లాం. వాళ్లమ్మగారు చేపల పులుసు వండారు.