టీ జెల్లీ పొయ్యి మీద పెట్టే ముందు జాగ్రత్తలు

జెల్లీని గట్టిపరిచే అగర్ అగర్ (సముద్రపు నాచు నుంచి తీసేది) పొడిని చల్లని టీ డికాషన్‌లోనే ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత కలియబెడుతూ కనీసం 2 నిమిషాలు మరిగించాలి. సరిగా కరగని అగర్ ఎంతసేపు ఫ్రిజ్‌లో ఉంచినా గట్టిపడదు, చేసినదంతా వృథా అవుతుంది.

అగర్‌కు బదులు జెలటిన్ (జంతువుల నుంచి తీసే గట్టిపరిచే పదార్థం) వాడేవారు దాన్ని మరిగించకూడదు, పట్టు తగ్గుతుంది. పచ్చి అనాస, బొప్పాయి ముక్కలు కూడా వేయకూడదు, ఎందుకంటే వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను విడగొట్టి జెల్లీని నీళ్లలా చేస్తాయి.

చల్లారాక రుచి, తీపి తగ్గినట్టు తోస్తాయి కాబట్టి డికాషన్ చిక్కగానే ఉండాలి, కానీ అందుకు ఆకు ఎక్కువ వేయాలే తప్ప ఎక్కువసేపు నాననివ్వకూడదు. వగరెక్కిన జెల్లీని ఏ పంచదారా కాపాడలేదు.

నిమ్మరసం దించాకే కలపాలి, పులుపుతో మరిగితే అగర్ బలహీనపడుతుంది.

పాలు వేడిగా పోయాలి, చల్లనివైతే అగర్ గడ్డలు కడుతుంది.

జెల్లీని ఫ్రీజర్‌లో పెట్టకూడదు, నీరు వదులుతుంది.