వినపడని పాపతో ఇంట్లో సైగలు మొదలుపెట్టడం ఎలా?

మా పాపకు వినపడదని ఏడాదిన్నర వయసులో తెలిసింది. "సైగలు అలవాటైతే మాట రాదమ్మా, చేతులతో చూపించొద్దు" అన్నారు థెరపీలో. రెండేళ్లు అలాగే చేశాం. దాహమేసినా ఏడుపే, కడుపు నొప్పొచ్చినా ఏడుపే. ఏది దేనికో తెలియక నేనూ ఏడ్చేదాన్ని. మీ ఇంట్లో అలా జరగకూడదు.

ముందు ఆ భయం వదలండి. అది పాతది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి పెద్ద సభ జరిగింది. వచ్చిన 164 మందిలో బధిరుడు ఒక్కరే. బడుల్లో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. చాలా దేశాల్లో బధిర టీచర్లను పక్కన పెట్టేశారు. సైగ చేస్తే పిల్లల్ని శిక్షించిన బడులున్నాయి. ఆ తీర్మానాలను తిరస్కరిస్తూ, జరిగినదానికి విచారం చెప్పింది 2010లో, అదే వరుసలో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన సభలో. నూట ముప్పై ఏళ్లు! వినికిడి మిషన్, స్పీచ్ థెరపీ మానక్కర్లేదు. వాటితో పాటే సైగలూ నేర్పండి.

రోజూ అవసరమయ్యే ఐదారు మాటలతో మొదలుపెట్టండి: పాలు, నీళ్లు, అన్నం, ఇంకా, చాలు, నొప్పి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వీడియో నిఘంటువులో 10,000కు పైగా మాటలున్నాయి, అందులో చూసి నేర్చుకోండి. ఒక్క చేత్తో ఇంగ్లిష్ అక్షరాలు చూపించే వీడియోలు ఎక్కువగా అమెరికావి. ఆ అక్షరాలకు మనవాళ్లు రెండు చేతులు వాడతారు.

పాప ఎదురుగా, ఆమె కళ్ల ఎత్తులో కూర్చోండి. వెలుగు మీ ముఖం మీద పడాలి. భుజం తట్టి, మీ వైపు చూశాకే సైగ చేయండి. ముఖం బిగించుకుని ఉండొద్దు. అడుగుతున్నారా, చెబుతున్నారా అన్నది కనుబొమ్మలే చెబుతాయి. "ఏమిటి", "ఎక్కడ" వంటి ప్రశ్న మాటల సైగలు వాక్యం చివర్లో వస్తాయి, "నీ పేరు ఏమిటి" అన్నట్టే. తెలుగువాళ్లకు ఇది సులువు.

బడిలో చేర్చేటప్పుడు మాత్రం ఒకటి తప్పకుండా అడగండి: టీచర్లలో బధిరులు ఎంతమంది?

పాప వెంటనే తిరిగి చేయకపోతే టెన్షన్ పడకండి. మా పాప "పాలు" సైగ చేయడానికి ఇరవై రోజులు పట్టింది. అదీ నాకు కాదు, వాళ్ల నాయనమ్మకు చేసి చూపించింది.