బైక్ ముందు బ్రేకు డిస్కు: ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి?

బ్రేకు ప్యాడ్లు అరిగితే మార్చడం అందరికీ అలవాటే. వాటితోపాటు, అవి రుద్దుకునే గుండ్రటి రేకు, అంటే డిస్కు కూడా అరుగుతుందన్న సంగతే చాలామందికి తట్టదు. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు బండి ఎక్కువగా ముందు బ్రేకు మీదే ఆగుతుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ముందు, మార్చాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోండి. డిస్కు మీద ‘మిన్ టీహెచ్’ (MIN TH) అన్న అక్షరాల పక్కన ఒక అంకె చెక్కి ఉంటుంది. మిల్లీమీటర్లలో దానికి ఉండాల్సిన కనీస మందం అది. కొత్తగా 4 మి.మీ. ఉండే డిస్కు మీద 3.5 అని ఉందనుకుందాం. అర మిల్లీమీటరు అరిగిందంటే దాని పని అయిపోయినట్టే.

కొలిచేటప్పుడే పొరపాటు జరుగుతుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. కొలత పరికరం వెర్నియర్‌ను పైనుంచి పెడితే దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుంటాయి. లోపల 3.4 ఉన్నా 3.9 చూపిస్తుంది, మనం నిశ్చింతగా ఉండిపోతాం. అందుకే సన్నటి మొనలతో మందం కొలిచే మైక్రోమీటరుతో, గట్టు దాటి ప్యాడ్ రుద్దుకునే చోట, చుట్టూ ఐదారుచోట్ల కొలవండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిందే లెక్క. మైక్రోమీటరు లేకపోతే దగ్గర్లోని లేత్ వర్క్‌షాపులో అడగండి.

రంధ్రాల మధ్య పగుళ్లు కనిపిస్తే కొలతతో పనిలేదు, మార్చేయాల్సిందే. బ్రేకు పట్టినప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటుంటే డిస్కు వంగి ఉండొచ్చు, లేదా మందం ఒకేలా లేకపోవచ్చు. కీచుమనే శబ్దం ఒక్కటే అయితే డిస్కుకు డబ్బు పెట్టకండి, మొదట ప్యాడ్లు, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్ అనే భాగంలోని పిన్నులు చూసుకోండి. లేత్ మీద చెక్కిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అసలే పలచటి రేకు, చెక్కితే ఇంకా పలచనవుతుంది.

కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చెబితే చాలదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. కాబట్టి ఒకే పేరున్న పాత బండికీ కొత్త బండికీ డిస్కు వేరు కావచ్చు. తయారీ సంవత్సరం, ఏబీఎస్ సంగతి చెప్పి పార్ట్ నంబరు సరిచూసుకోండి. హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్నా, షోరూంలో కొన్నా పాత డిస్కు పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, వ్యాసం, మందం పోల్చుకోండి. ప్యాడ్లు కూడా కొత్తవే తీసుకోండి. పాత డిస్కు మీది గీతలకు అలవాటుపడిన ప్యాడ్లు కొత్త డిస్కుకు పూర్తిగా ఆనవు.

ఇక మార్చడం. బండిని కదలకుండా నిలబెట్టి కాలిపర్ విప్పండి. దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. ఏబీఎస్ సెన్సర్ ఉంటే జాగ్రత్తగా పక్కకు తీయండి. చక్రం ఇరుసు, అంటే యాక్సిల్ తీసేటప్పుడు ఏ వాషర్ ఏ వైపుదో ఫోటో తీసుకోండి. చక్రం బయట ఉన్నంతసేపూ లివర్ నొక్కొద్దు, కాలిపర్‌లో ప్యాడ్లను నెట్టే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

డిస్కు బోల్టులకు ఫ్యాక్టరీలోనే జిగురు పెడతారు. బలం చూపిస్తే బోల్టు తలలో అలెన్ కీ పట్టే ఆరుమూలల గుంట గుండ్రంగా అరిగిపోతుంది. హాట్ ఎయిర్ గన్‌తో బోల్టును కాస్త వేడిచేసి, సరిగ్గా సరిపోయే కీతో విప్పండి. కొత్త డిస్కు కూర్చునే చోట తుప్పు, పాత జిగురు మిగలకుండా తుడవండి. సన్నటి పెంకు ఉన్నా డిస్కు వంకరగా తిరుగుతుంది. బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిశకు చూసేలా పెట్టండి. కొత్త బోల్టులకు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టుకునే జిగురు) రాసి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చివరి బిగింపు మాత్రం మాన్యువల్‌లోని టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న లెక్క) ప్రకారమే.

డిస్కును బ్రేకు క్లీనర్‌తో తుడిచాక వేలు తగలనివ్వకండి. పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు రిజర్వాయర్‌లోని బ్రేకు ఫ్లూయిడ్ పొంగుతుందేమో చూడండి, పడితే పెయింటు పోతుంది. అన్నీ బిగించాక, బండి కదిలించే ముందే లివర్ గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు పడదు. ఇది మర్చిపోయి రోడ్డెక్కితే ప్రమాదమే.

కొత్త డిస్కు, ప్యాడ్లు ఒకదానికొకటి సరిగ్గా ఆనేందుకు ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది, పదిసార్లు తగ్గించండి. తర్వాత ఓ 200 కి.మీ. దాకా గట్టి బ్రేకులు వద్దు. ఆలోపు తిరుమల ఘాట్ దిగడం లాంటి ప్రయాణాలు పెట్టుకోకండి.