బెరిబెరి ఎంక్వైరీకి డబ్బెవరిచ్చారు? పాత ఫైళ్లలో ఖర్చు జాడ పట్టడం ఎలా

బ్రిటిష్ కాలంలో మన వైపు ఏదో ఒక జబ్బు మీద జరిగిన విచారణ గురించి రాద్దామనుకునేవాళ్లు ముందు డాక్టర్ల రిపోర్టే తెరుస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అందులో వాళ్లు ఏం కనుక్కున్నారో ఉంటుంది, అంతవరకే. ఆ ప్రశ్న ఆ ఏడాదే ఎందుకు అడిగారు, మధ్యలో ఎందుకు ఆపేశారు, మళ్లీ ఎవరు అడిగితే మొదలైంది, ఇవన్నీ డబ్బు కాగితాల్లో ఉంటాయి. అందుకని నా మాట వినండి, రిపోర్టు కన్నా ముందు ఖర్చు ఫైలు వెతకండి.

ఊరికే "వలస పాలనలో ఆరోగ్యం" అని పెట్టుకుంటే జన్మంతా తిరిగినా తేలదు. ఒక జబ్బు, ఒక ప్రాంతం, ఐదారేళ్ల కాలం ఎంచుకోండి. నేను చెప్పేదంతా నీలగిరుల్లోని కూనూరులో జరిగిన బెరిబెరి ఎంక్వైరీని పట్టుకుని చెబుతాను, ఎందుకంటే ఆ జబ్బు మనదే. బెరిబెరి కోస్తా జిల్లాల్లో, అంటే అప్పటి నార్తర్న్ సర్కార్స్‌లో పాతుకుపోయిన జబ్బు. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్లు. వడ్లు నానబెట్టి ఉడకబెడితే తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. మన కోస్తాలో తిన్నది పచ్చి బియ్యం, అదీ దంపుడు పోయి మిల్లు వచ్చాక తెల్లగా పాలిష్ పట్టింది. తవుడు పోయింది, దాంతోపాటు విటమిన్ పోయింది, కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతిని మనుషులు పోయారు.

1918లో రాబర్ట్ మెకారిసన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో ఈ ఎంక్వైరీ మొదలుపెట్టాడు. ఇక్కడ మొదటి పని, సంవత్సరం చూసి ఆగడం. 1918 అంటే ప్రపంచ యుద్ధం. 1916లో మెసొపొటేమియాలోని కూట్ ముట్టడిలో తెల్ల సిపాయిలకు బెరిబెరి, మన సిపాయిలకు స్కర్వీ (సి విటమిన్ లేక వచ్చే జబ్బు) వచ్చాయి. సర్కారు ఖజానా తెరుచుకోవడానికి చాలాసార్లు కారణం సైన్యం, జైళ్లు, తోటల కూలీలు. యుద్ధమే ఈ ఎంక్వైరీకి కారణమని నేను అనడం లేదు. కానీ మీ జబ్బు ఏ ఏడాదిలో సర్కారు కంట్లో పడిందో, ఆ ఏడాది చుట్టూ ఏం జరిగిందో పక్కపక్కన రాసుకోండి.

రెండో పని, ఏ జేబులోంచి డబ్బు వచ్చిందో తేల్చడం. మెకారిసన్‌కి డబ్బిచ్చింది ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్. 1911లో పుట్టింది, 1949లో దాని పేరే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అయింది. భారత ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది, గవర్నింగ్ బాడీకి వైస్రాయ్ కౌన్సిల్లో విద్యాశాఖ చూసే మెంబరు అధ్యక్షుడు, శాస్త్రీయ సలహాలకు వేరే బోర్డు. అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కూనూరు గదికి పైసలు మద్రాసు నుంచి కాదు, ఢిల్లీ, సిమ్లాల నుంచి కదలాలి. అన్ని విచారణలూ ఇలా నడవలేదు. 1905 ప్లేగు విచారణకు లండన్‌లోని ఇండియా ఆఫీసు, రాయల్ సొసైటీ, లిస్టర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి సలహా కమిటీ వేశాయి, పని బొంబాయి పరేల్‌లో జరిగింది. 1928లో బొంబాయి వచ్చి గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్‌కి లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు డబ్బు కూడా అందింది.

కొన్నిసార్లు జేబు పరిశోధకుడిదే. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా జాడ చూసినప్పుడు సర్కారు అతనికి జీతమిస్తున్నది పటాలం డాక్టరు పనికి, మలేరియా పరిశోధనకు కాదు. హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున ఇచ్చాడు. నెల తిరిగేసరికి రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ. మలేరియా కోసం ప్రత్యేక డ్యూటీ వేసి కలకత్తా పంపింది 1898లో, అదీ లండన్ నుంచి రాస్ గురువు, డాక్టర్ పాట్రిక్ మాన్సన్ గట్టిగా పట్టుబట్టాక. ఆ అణాల సంగతి తెలిశాక బేగంపేటలో ఆ భవనం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా హుసేన్ ఖాన్ గుర్తొస్తాడు. నోబెల్ గురించి చెప్పేటప్పుడు ఆ పేరు వదిలేయకండి.

మూడోది, ఉత్తరం ఏ మెట్లు ఎక్కి దిగిందో కాగితం మీద గీసుకోండి. జిల్లాలో డాక్టరు, ఆ పైన మద్రాసు సర్జన్ జనరల్ లేదా శానిటరీ కమిషనర్, ఆ పైన మద్రాసు సెక్రటేరియట్, ఆ పైన భారత ప్రభుత్వం, మరీ పెద్ద ఖర్చయితే లండన్. 1921 దగ్గర జాగ్రత్త. 1919 చట్టం ప్రకారం ప్రజారోగ్యం రాష్ట్రాల మంత్రుల చేతికి వచ్చింది, మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ పానగల్ రాజా దగ్గర ఉండేది, కానీ కేంద్ర పరిశోధన సంస్థలు మాత్రం భారత ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి. కాబట్టి రోగులు ఒక ప్రభుత్వం కింద, పరిశోధన ఇంకో ప్రభుత్వం కింద. 1921 తర్వాతి ఫైలు కోసం ఒక్కచోటే వెతికితే సగం కథే దొరుకుతుంది. నిజాం వైపు అయితే ఇంకో లెక్క, కంటోన్మెంటు సంగతులు రెసిడెంటు (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) గుండా పోతాయి, ఆ రెసిడెన్సీ రికార్డులు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో చూడాలి.

ఇక వెతుకులాట. ఢిల్లీ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కానీ విశాఖపట్నం అని కొడితే మీకు కావలసిన పాత కాగితం రాదు, విజగపటం అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టాలి. కాకినాడకు కోకనాడ, విజయవాడకు బెజవాడ, కడపకు సి తో మొదలై హెచ్ తో ముగిసే స్పెల్లింగు. బెరిబెరిని మధ్యలో గీత పెట్టి, పెట్టకుండా రెండు రకాలుగా వెతకండి. స్పెల్లింగ్ తప్పు కొట్టి నేను రెండు వారాలు ఏమీ లేదనే అనుకున్నాను. కోస్తా, రాయలసీమ జిల్లాల సెక్రటేరియట్ కాగితాలకు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం పాలన కాగితాలకు హైదరాబాదు తార్నాకలో తెలంగాణ ఆర్కైవ్స్. రెండిటికీ ఐడీ కార్డు, పరిచయ ఉత్తరం చేతిలో పెట్టుకుని వెళ్లండి. అచ్చయిన రిపోర్టుల కోసం స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ బ్రిటిష్ ఇండియా వైద్య చరిత్ర పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, అది బంగారు గని.

ఫైలు చేతికొచ్చాక మొదట ఉత్తరాలు కాదు, నోట్స్ చదవండి. ఉత్తరంలో మర్యాదలుంటాయి, నోట్స్‌లో ఒక అధికారి రాసినదాని కింద ఇంకొకరు రాస్తూ పోతారు, అసలు అభ్యంతరం అక్కడే దొరుకుతుంది. ఆర్థిక శాఖ వాళ్ల నోట్ కనిపిస్తే అక్షరం వదలకుండా ఎత్తి రాసుకోండి. లెక్కలు 12-8-0 అని ఉంటాయి, అంటే 12 రూపాయల 8 అణాల 0 పైలు (పైసా కాదు, పై). రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఇది తెలియక కూడితే మొత్తం తప్పిపోతుంది. ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది, కాబట్టి మార్చి నెల ఉత్తరాల్లో ఆదుర్దా ఎక్కువ, మంజూరు పొడిగిస్తారా లేదా అని.

సిబ్బంది పట్టిక కనిపిస్తే దాని మీద ఒక పూట పెట్టండి. పైన డాక్టరు జీతం, కింద సబ్ అసిస్టెంట్ సర్జను, గుమాస్తా, ల్యాబ్ నౌకర్లు, ఆ తర్వాత జంతువుల మేత. మెకారిసన్ పావురాలకు పాలిష్ బియ్యం మాత్రమే పెట్టి చూశాడు. కొన్ని వారాలకు ఆ పక్షి మెడ వెనక్కి విరుచుకుపోయి, నిలబడలేక పడిపోతుంది. రిపోర్టులో ఆ పావురం ఉంటుంది. గూళ్లు కడిగి బియ్యం వేసిన మనిషి మాత్రం పట్టికలో ఒక జీతం అంకెగానే మిగులుతాడు. పేరు దొరికితే దొరికినట్టే రాసుకోండి.

చివరగా, ఖాళీలు కూడా చదవాలి. కూనూరు ఎంక్వైరీ 1923లో ఆగింది, 1925లో మళ్లీ మొదలైంది. జబ్బు తగ్గిందా? లేదు. 1922-23లో లార్డ్ ఇంచ్‌కేప్ అధ్యక్షతన ఖర్చు తగ్గింపు కమిటీ కూర్చుంది, కత్తెర పడింది. రిపోర్టులే చదివితే ఆ రెండేళ్లూ కనపడవు. మన జిల్లాల్లో ఆ రెండేళ్లూ మిల్లు బియ్యమే వండుకున్నారు. ఆ ఎంక్వైరీయే తర్వాత 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్ అయి, 1958లో హైదరాబాదు వచ్చి, 1969 నుంచి ఎన్ఐఎన్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్) అయింది. అదీ తార్నాకలోనే.

మీది దర్శి, పొదిలి వైపు అయితే బెరిబెరి వదిలేసి ఫ్లోరైడు పట్టుకోండి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు, ఆ పత్రిక పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితం. ముందు అది దింపుకుని తేదీ రాసుకోండి, తర్వాత ఎగ్మూరు వెళ్లి 1935 నుంచి 1940 దాకా ప్రజారోగ్య శాఖ ఇండెక్సులు అడగండి. జబ్బు ఏదో తెలిశాక మంచినీళ్ల కోసం ఎంత మంజూరు చేశారు, ఎవరు కాదన్నారు అన్నది అక్కడ వెతకాలి.