అరకు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

కార్తీకం వచ్చిందంటే విజయనగరం, గజపతినగరం, ఎస్.కోట వైపు నుంచి వ్యాన్లు, కార్లు, బైకులు అరకు దారి పడతాయి. సంక్రాంతి దాటేదాకా ఇదే రద్దీ. ఘాట్ మలుపులో బ్రేకులు పట్టక వ్యాన్ బోల్తా పడిందని మొన్న మళ్లీ విన్నాం. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. టైర్లు చూసుకోండి, తాగి నడపకండి అని అందరూ చెబుతారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. నేను చెప్పేది ఒకటే. దిగేటప్పుడు బండిని న్యూట్రల్ చేయకండి.

ఎందుకు వద్దు?

బండి కొండెక్కడానికి కాల్చిన డీజిల్లో కొంత భాగం స్థితిజ శక్తిగా, అంటే ఎత్తులో ఉన్నందుకు దాగిన శక్తిగా, ఆ బండిలోనే ఉంటుంది. దిగేటప్పుడు అది గతిజ శక్తిగా, అంటే వేగంగా మారుతుంది. తొమ్మిదో తరగతిలో చదివిన శక్తి నిత్యత్వ నియమం ఇదే: శక్తి మాయమైపోదు, రూపం మార్చుకుంటుంది. వేగం పెరగకూడదంటే ఆ శక్తి మొత్తం వేడిగా మారాలి. ఆ వేడి ఇంజిన్ మోయాలా, బ్రేకులు మోయాలా అన్నది మీ చేతిలో ఉన్న గేర్ రాడ్ తేలుస్తుంది.

లెక్క చూడండి. మనుషులతో కలిపి 1500 కిలోల కారు 800 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. విడుదలయ్యే శక్తి దాదాపు కోటీ 17 లక్షల జౌళ్లు. 40 లీటర్ల నీళ్లను మరిగే దాకా తేవడానికి అంత వేడి సరిపోతుంది. జనంతో నిండిన నాలుగు టన్నుల వ్యాన్ అయితే వంద లీటర్ల పైమాటే. గేర్‌లో ఉంటే అందులో చాలా భాగాన్ని ఇంజిన్ లాగేసుకుంటుంది. న్యూట్రల్‌లో ఆ దారి మూసుకుపోయి, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ముందు కాలిన వాసన వస్తుంది. తర్వాత లైనర్ల పట్టు తగ్గుతుంది, ఎంత బలంగా తొక్కినా బండి ఆగదు. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి పైపుల్లో ఆవిరి చేరుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఆ దశలో డ్రైవర్ ఎంత అనుభవస్తుడైనా ఒకటే.

"న్యూట్రల్ కొడితే డీజిల్ మిగుల్తాది మాస్టారూ" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. మిగలదు. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్ కోసం తాగుతూనే ఉంటుంది.

దిగడం మొదలుపెట్టే ముందు

వాలు రాకముందే గేర్ తగ్గించండి. ఎక్కేటప్పుడు ఏ గేర్ వాడారో దిగేటప్పుడూ అదే. వేగం పెరిగాక తగ్గించబోతే గేర్ పడక న్యూట్రల్‌లోనే ఇరుక్కుపోవచ్చు, అదే అసలు ప్రమాదం. ఆటోమేటిక్ కారైతే డీలో వదిలేయకుండా ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ పెట్టండి.

"కొంచెం దూరమే కదా" అనుకోవద్దు. ఆగి ఉన్న బండి న్యూట్రల్‌లో బ్రేకు లేకుండా 20 మీటర్ల ఎత్తు దిగితే, గాలి, రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే, వేగం గంటకు 71 కిలోమీటర్లు. బైకైనా బస్సైనా అంతే, ఈ లెక్కలో బరువు కొట్టుకుపోతుంది. 40 మీద ఉన్న బండి 80కి చేరితే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

దారిలో

పెడల్ మీద కాలు అదేపనిగా ఆనించి ఉంచకండి. గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ విరామంలోనే బ్రేకులు చల్లబడతాయి.

ఇంజిన్ ఆపి దిగకండి. మీ కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పనిచేయదు, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాకే పడుతుంది.

బైకు కుర్రాళ్లూ, ఇంజిన్ ఆపి జారుకుంటూ పోయే పందెం మానండి. క్లచ్ పట్టుకుని దిగినా న్యూట్రల్ కిందే లెక్క.

గేర్లు లేని స్కూటర్‌కి ఇంజిన్ ఆసరా తక్కువ. మధ్యమధ్య ఆగండి.

ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వండి.

పొగమంచులో ఓవర్‌టేక్ వద్దు.

కాలిన వాసన వచ్చిందా, వెంటనే ఆపి టైరు కింద రాయి పెట్టండి. వేడెక్కిన బ్రేక్ డ్రమ్ముల మీద నీళ్లు పోయకండి, పగులుతాయి. ఆ రాయిని వెళ్లేటప్పుడు రోడ్డు పక్కకు తీసేయండి.

అద్దె వ్యాన్ డ్రైవర్ న్యూట్రల్ చేస్తే మొహమాటపడకండి. "అన్నా, గేర్‌లో పెట్టు" అని అడగండి. వినకపోతే ఆపించి దిగండి. పిల్లలున్న బండిలో అసలే ఊరుకోకండి.

బ్రేకులు పోతే ఒక్కో గేర్ తగ్గిస్తూ రండి. కారైతే పెడల్ పదే పదే కొట్టండి. ఎయిర్ బ్రేకుల బస్సైతే కొట్టకండి, ట్యాంకులో గాలి అయిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారిగా కాకుండా మెల్లగా లాగండి. అయినా ఆగకపోతే బండిని లోయ వైపు కాకుండా కొండ వైపు గట్టుకు రాసుకుపోయేలా తిప్పండి. అప్పుడు కూడా న్యూట్రల్ చేయకండి.